కనబడని తాళంచెవి – ఒకటి

మా బడిలో వివక్ష లేదు. ఇది నా అభిప్రాయం కాదు. అభిప్రాయాలు ఉండవలసిన ఉద్యోగం కాదు నాది, నేను జూనియర్ అసిస్టెంటుని. ఏటా జూలై మొదటివారంలో నేను టైపు చేసి, హెడ్మాస్టరు గారి చేత సంతకం పెట్టించి, గుండ్రటి సీలు గుద్ది పైకి పంపే ధ్రువీకరణ పత్రంలో ఉన్న మాట ఇది. అందులో నాలుగో అంశం ఇలా ఉంటుంది: "సదరు పాఠశాల ఆవరణ నందు విద్యార్థులను విడదీయు గోడలు గానీ, కంచెలు గానీ, తాళము వేయబడిన తలుపులు గానీ లేవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." పంతొమ్మిదేళ్ళుగా టైపు చేస్తున్నాను. ఒక్క అక్షరం మారలేదు.

గోడ మాత్రం ఉంది. ఏడడుగుల ఎత్తు.

మా పెదకుదురులో ఒకప్పుడు రెండు బళ్ళుండేవి. రోడ్డు వైపు ఊరి బడి, కాలవకట్ట వైపు పేట బడి. మధ్యలో ఈ గోడ. నేను ఉద్యోగంలో చేరడానికి చాలా ముందే పైనుంచి ఉత్తర్వు వచ్చి రెండు బళ్ళనీ కలిపేశారు. ఒకే పేరు, ఒకే సీలు, ఒకే హెడ్మాస్టరు. గోడకి ఉత్తర్వులు చదవడం రాదు కాబట్టి అది ఉన్నచోటే ఉండిపోయింది. ఇవతల ఎ, బి సెక్షన్లు, సైన్సు ల్యాబు, లైబ్రరీ, ఫిల్టరు నీళ్ళ కుళాయి. అవతల సి, డి సెక్షన్లు, నాలుగు గదులు, ఒక చేతిపంపు. ఇటు పిల్లలు రోడ్డు గేటులోంచి వస్తారు, అటు పిల్లలు కాలవకట్ట గేటులోంచి వస్తారు. గోడకి నడిమధ్య ఒక తలుపు, తలుపుకి ఇటువైపు ఒక తాళం. తలుపు మూసి ఉంది కాబట్టి ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళాలంటే ఊరంతా చుట్టి కిలోమీటరుంబావు నడవాలి.

ఇదేమిటని కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా అడిగితే మా హెడ్మాస్టరు శేషగిరి గారు నొచ్చుకోకుండా వివరిస్తారు. "దీనిని సామీప్య సూత్రం అంటారండీ. ఎవరి గృహానికి ఏ ద్వారం సమీపమో వారు ఆ ద్వారం గుండా విద్యాప్రవేశం చేస్తారు. వేరువేరుగా ఉన్నా సమానమే." డి సెక్షన్‌కి ల్యాబు లేదన్న మాట కూడా ఆయన ఒప్పుకోరు. వారానికో పీరియడు సైన్సు మాస్టారు అటు వెళ్ళి, ల్యాబు ఎలా ఉంటుందో నల్లబల్ల మీద బొమ్మ వేసి వర్ణించి వస్తారు. టైంటేబుల్లో దాని పేరు 'ప్రయోగశాల (మౌఖికం)'.

ఇక తాళంచెవి సంగతి. నాకు ముందున్న గుమాస్తా పేరయ్య గారు నాకు చార్జి అప్పగించిన రోజు జాబితా చదివి ఒక్కొక్క వస్తువే చూపించారు. బీరువాలు నాలుగు. కుర్చీలు ముప్ఫై ఒకటి. గ్లోబు, అమెరికా చెరిగిపోయినది, ఒకటి. అట్టడుగున ఇలా ఉంది: "కనబడని తాళంచెవి – ఒకటి." ఆ అంశం దగ్గరికి రాగానే పేరయ్య గారు సొరుగు లాగి, పసుపుపచ్చటి తాళంచెవి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు.

"ఇదేందండీ, కనబడుతుంది గదా?" అన్నాను.

"నీకు కనబడుద్ది. ఫైల్లో కనబడదు. ఆ రెండూ కలపమాక అబ్బాయ్, సర్వీసు పాడైపోద్ది" అన్నారు.

నేను కలపలేదు. పంతొమ్మిదేళ్ళు నా కుడి మోకాలికి జానెడు దూరంలో, ఆ సొరుగులో, అది కనబడకుండా ఉంది.

దాన్ని అడిగినవాడు ఒక్కడే ఉన్నాడు. గుడిపల్లి ఎలీషా మాస్టారు. పేటలో పుట్టి, ఆ డి సెక్షన్లోనే చదివి, ఇప్పుడు ఆ డి సెక్షన్‌కే ఇంగ్లీషు చెబుతున్నారు. మా బడి మొత్తానికి పేరు ముందు డాక్టరు అని రాసుకోగలిగింది ఆయనొక్కరే, రాసుకోరు. ఆయన పరిశోధన అమెరికాలో నల్లజాతి మేధావుల మీద. అక్కడ నల్లపిల్లలకి వేరే బళ్ళు పెట్టి, వేరైనా సమానమేనని చట్టం చేస్తే, ఆ జాతిలోని లాయర్లూ, పంతుళ్ళూ, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్ళూ ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడి, అది సమానం కాదని తేల్పించారట. ఆ మాట ఆయన ఎప్పుడు చెప్పినా మా హెడ్మాస్టరు గారు తల ఆడించి, "అమెరికాలో ఎంత దారుణమండీ" అని బాధపడతారు.

ఆ తలుపు తియ్యమని ఎలీషా మాస్టారు పన్నెండు అర్జీలు పెట్టారు. పన్నెండింటికీ జవాబు నేనే టైపు చేశాను: "తాళంచెవి కనబడనందున తమరి అర్జీ పరిశీలనలో ఉన్నది." ఆయన ఒక్కసారీ గొంతు పెంచలేదు. జవాబు మడిచి జేబులో పెట్టుకుని, "వస్తానండీ సీతాపతి గారూ" అని కిలోమీటరుంబావు నడిచి వెళ్ళిపోయేవారు. ఆయన తిట్టి ఉంటే నాకు బాగుండేది.

పదమూడో అర్జీకి ఆయన ఒక్కరే రాలేదు. పదో తరగతి డి సెక్షన్ అమ్మాయి ఎస్తేరు వెంట వచ్చింది. ఆ పిల్ల చేతిలో ఒక ఉల్లిపాయ ఉంది.

"సార్, ఉల్లిపొర కణాల బొమ్మ వందసార్లు ఏశాను. భాగాలు కూడా గుర్తించేస్తా. ఒక్కసారి మైక్రోస్కోపులో పెట్టి చూసి పోతాను సార్. ఉల్లిపాయ నేనే తెచ్చుకున్నా" అంది.

హెడ్మాస్టరు గారు కరిగిపోయారు. నిజంగానే కరిగిపోయారు, మంచిమనిషి. కానీ టైంటేబులు చూశారు. "అమ్మా, డి సెక్షన్‌కి ప్రయోగశాల మౌఖికం మాత్రమే ఉంది. చూడటానికి పీరియడు లేదు. నిన్నొక్కదాన్నే అనుమతిస్తే సి, డి సెక్షన్లలో మిగతా నూట ముప్ఫైమంది పట్ల వివక్ష చూపినట్టవుతుంది. మన బడిలో వివక్షకి తావు లేదు కదా?"

ఎస్తేరు ఉల్లిపాయ గుప్పిట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. మార్చిలో పరీక్షలు, ఆ తర్వాత ఆ పిల్లకి ఈ బడితో పని లేదు. ఆ రోజు నేను పదమూడో జవాబు టైపు చేస్తుంటే మోకాలి దగ్గర సొరుగు కాలుతున్నట్టనిపించింది. సిగ్గుపడ్డాను. సిగ్గుపడి, జవాబు పంపేశాను.

సరిగ్గా వారానికి పైనుంచి సర్క్యులరు దిగింది. "అమెరికా పాఠశాలలలో వర్ణవివక్షపై నల్లజాతి మేధావుల పోరాటము – స్ఫూర్తి వారోత్సవములు. ప్రతి పాఠశాల తమ ఆవరణ నందు సదరు పోరాటమును నాటక రూపమున ప్రదర్శింపవలెను. ఉత్తమ ప్రదర్శనను సంయుక్త సంచాలకుల వారు స్వయముగా వీక్షించి 'సమతా పాఠశాల' బిరుదమును ప్రసాదించెదరు." మొత్తం పదకొండు పేజీలు. మా ఆఫీసు ఆనవాయితీ ప్రకారం మొదటి పేజీ, చివరి సంతకం చదివాం. ఎలీషా మాస్టారు మాత్రం ఒక కాపీ అడిగి ఇంటికి పట్టుకెళ్ళారు.

హెడ్మాస్టరు గారు స్టాఫ్ మీటింగు పెట్టారు. "మనకొక సాంకేతికమైన ఇబ్బంది ఉంది. మన పిల్లలకి వివక్ష అంటే ఏమిటో తెలియదు. తెలియనిదాన్ని ఎలా నటిస్తారు?" అందరూ అది నిజమేనని తలలూపారు. ఎలీషా మాస్టారు కూడా ఊపారు, కొంచెం ఆలస్యంగా.

నాటకం రాయమని ఆయనకే అప్పగించారు. మూడు రోజుల్లో మూడు రంగాలు రాసిచ్చారు. హెడ్మాస్టరు గారు చదివి, ఒక్కచోట మాత్రం ఎర్రసిరాతో దిద్దారు. కోర్టు రంగంలో జడ్జి, "పిల్లల్ని వేరువేరుగా ఉంచడం ఎన్నటికీ సమానం కాదు" అంటాడు. దాన్ని "పిల్లల్ని వేరువేరుగా ఉంచడం అమెరికాలో ఎన్నటికీ సమానం కాదు" అని మార్చారు. "స్పష్టత కోసం" అన్నారు.

తర్వాత పాత్రల పంపకం. నల్లజాతి మేధావుల వేషాలు ఎవరికివ్వాలి? మేధావుల పాత్రలు కాబట్టి మార్కులు బాగా వచ్చినవాళ్ళకే ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించి ఎ సెక్షన్ ఫస్టు ర్యాంకుల వాళ్ళకి ఇచ్చారు. మేధావుల్ని బడి గుమ్మం దగ్గర అడ్డుకుని "వెనక్కి పో" అని అరిచే తెల్లవాళ్ళు ఇరవైమంది కావాలి. అరవడానికి మార్కులతో పనిలేదు కాబట్టి ఆ వేషాలు డి సెక్షన్‌కి వెళ్ళాయి.

మర్నాడు పొద్దున్నే తల్లిదండ్రుల సంఘం వాళ్ళు ఆఫీసులోకి వచ్చి కూర్చున్నారు. "ఏందండీ ఇది? పేట పిల్లలు మా పిల్లల మొహం మీద ఏలు పెట్టి, మా బళ్ళోకి రావద్దు పోండని అరుస్తారా? నాటకమైనా మర్యాదుండొద్దా? రేప్పొద్దున అదే అలవాటైపోద్ది!"

హెడ్మాస్టరు గారు అరగంటలో పాత్రల్ని తారుమారు చేశారు. నల్లవాళ్ళు డి సెక్షన్, తెల్లవాళ్ళు ఎ సెక్షన్. సంఘం వాళ్ళు తృప్తిగా కాఫీ తాగి వెళ్ళారు. గుమ్మం దాటి లోపలికి వచ్చే నల్లజాతి అమ్మాయి వేషం ఎస్తేరుకి వచ్చింది. డ్రాయింగు మాస్టారు ఉత్సాహంగా, "మొహాలకి బొగ్గు పూద్దామా?" అన్నారు.

"బొగ్గెందుకండీ," అన్నారు ఎలీషా మాస్టారు. "తలుపు అవతల నిలబెడితే చాలు. చూసినోళ్ళకి అర్థమైపోద్ది."

రిహార్సల్స్ మొదలయ్యాయి. తలుపు తాళం వేసి ఉంది కదా, తెల్లవాళ్ళు గోడకి ఇటు, నల్లవాళ్ళు గోడకి అటు. "వేరువేరుగా, కానీ సమానంగా" అని షెడ్యూలు మీద రాశారు హెడ్మాస్టరు గారు. ఇద్దరికీ సమానంగా నలభై నిమిషాలు. అయితే ఒకరి మాటకి ఇంకొకరు జవాబు చెప్పాలి. గోడ మీంచి అరుచుకోవడం క్రమశిక్షణకి విరుద్ధం. అందుకని అటెండరు మస్తాన్‌వలికి సైకిలిచ్చి, ఇటు డైలాగు కాగితం మీద రాసి అటు పంపేవారు. పది గంటలకి ఇటు తెల్లవాడు "ఎక్కడికి పోతున్నావు?" అని అడిగితే, పదీ ఇరవైకి అటునుంచి "బడికి పోతున్నాను" అని జవాబు వచ్చేది. మూడు వారాలు ఇలా నడిచింది. నాటకం మొత్తానికి డైలాగులు అరవై రెండు.

"నాకు పిక్కలు పట్టేసినయ్ సార్," అన్నాడు మస్తాన్‌వలి నా బల్ల దగ్గర చతికిలబడి. "ఆ తలుపు తీస్తే నాలుగడుగులు. ఆ చెవి దొరకదా సార్?"

"ఎతుకుతున్నాం మస్తాన్" అన్నాను, సొరుగు మీద మోచెయ్యి ఆనించి.

జిల్లాలో అన్ని బళ్ళ స్క్రిప్టులూ చూసి, మాదాన్నే సంయుక్త సంచాలకుల వారి పరిశీలనకి ఎంపిక చేశారని కబురొచ్చింది. హెడ్మాస్టరు గారికి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎక్కడ ఆడించాలి? వేదిక కట్టి అట్టముక్కలతో గోడ వేద్దామన్నారు డ్రాయింగు మాస్టారు. గాలికి పడిపోతుందన్నారు డ్రిల్లు మాస్టారు. అప్పుడందరి చూపూ ఒకేసారి కిటికీలోంచి బయటికి వెళ్ళింది. సాక్షాత్తూ గోడ. నడిమధ్య తలుపు. ముందు విశాలమైన మైదానం.

అక్కడ చిక్కొచ్చి పడింది. సర్క్యులరుతో పాటు వచ్చిన నమూనా పత్రంలో ప్రదర్శనాస్థలంలో ఉన్న కట్టడాలన్నీ రాయాలి. గోడ అని రాస్తే, జూలైలో పంపిన నాలుగో అంశం మాటేమిటి? రాయకపోతే, నాటకంలో గోడ ఎక్కణ్ణించి వచ్చింది? హెడ్మాస్టరు గారు కలం పట్టుకుని గంటసేపు ఫ్యాను కేసి చూశారు. ఎలీషా మాస్టారు మెల్లగా అందుకున్నారు.

"సెట్టింగు అని రాస్తే సరిపోద్ది గదండీ. నాటకంలో గోడంటే సెట్టింగే గదా."

హెడ్మాస్టరు గారు లేచి ఆయన చేతులు పట్టుకున్నారు. "డాక్టరేటు ఊరికే రాలేదండీ!" నేను వెంటనే టైపు చేశాను: "తాత్కాలిక రంగస్థల నిర్మాణములు: గోడ – ఒకటి, తలుపు – ఒకటి." సంతకం, సీలు.

మిగిలింది తాళంచెవి. మూడో రంగంలో తలుపు తెరుచుకోవాలి. ఫైలు ప్రకారం చెవి లేదు. తాళం పగలగొడదామంటే ధ్రువీకరణ పత్రం ప్రకారం తాళమే లేదు, లేనిదాన్ని పగలగొట్టడానికి అనుమతి ఎవరిస్తారు? చివరికి హెడ్మాస్టరు గారు తమ సర్వీసులోకెల్లా గొప్ప ఉత్తర్వు జారీ చేశారు. అది నా దగ్గర ఇప్పటికీ ఉంది. "నాటక ప్రదర్శన నిమిత్తం, సదరు కనబడని తాళంచెవి మూడవ రంగము నందు మూడు నిమిషముల పాటు కనబడినట్లుగా భావింపవలెను. తదుపరి యథాప్రకారము కనబడకుండును."

ఆ రోజు రానే వచ్చింది. సంయుక్త సంచాలకుల వారి పేరు చిదంబరేశ్వరరావు గారు. రెండు కార్లలో వచ్చారు. రోడ్డు గేటు దగ్గర పూలదండ వేశాం. ఆయన మైదానంలోకి అడుగుపెట్టి గోడని చూసి ఆగిపోయారు. డ్రాయింగు మాస్టారు దానికి తగిలించిన 'తెల్లవారికి మాత్రమే' అన్న బోర్డు గాలికి ఊగుతోంది.

"ఆహా!" అన్నారు సంచాలకుల వారు. దగ్గరికి వెళ్ళి గోడ తట్టి చూశారు. "ఈ పాచి చూడండి! ఈ సున్నం రాలిన తీరు చూడండి! బీటలో రావిమొక్క కూడా పెట్టారయ్యా! అమెరికా గోడ అంటే అచ్చం ఇలాగే ఉంటుంది. నేను చూడలేదు గానీ ఇలాగే ఉంటుంది. ఎవరండీ ఈ సెట్టింగు వేసింది?"

మా హెడ్మాస్టరు గారి చూపు నేల మీద దేనికోసమో వెతుకుతోంది. కొంతసేపటికి డ్రాయింగు మాస్టారు ముందుకొచ్చి వినయంగా తల వంచారు. శాలువా కప్పించుకున్నారు కూడా.

సంచాలకుల వారు మైకు అందుకున్నారు. "సోదర ఉపాధ్యాయులారా! ఒకే ఊరి పిల్లల మధ్య గోడ కట్టి, ఒక వైపు వాళ్ళకి గ్రంథాలయం, ప్రయోగశాల, మంచినీళ్ళు ఇచ్చి, రెండో వైపు వాళ్ళకి ఇవ్వని పాఠశాలలు ఈ భూమ్మీద ఉండేవంటే మనం నమ్మగలమా?" నమ్మలేమని అందరం చప్పట్లు కొట్టాం. ఎలీషా మాస్టారు చప్పట్లు కొట్టారో లేదో తెలియదు. ఆయన గోడకి అవతల, పిల్లలకి మాటలందించడానికి నిలబడి ఉన్నారు.

మొదటి రంగంలో అవతలి సంభాషణలు మైకులో వినిపించాయి. రెండో రంగంలో జడ్జి వేషం వేసిన బి సెక్షన్ పిల్లవాడు కంగారులో హెడ్మాస్టరు గారు దిద్దిన మాట మరిచిపోయి, "పిల్లల్ని వేరువేరుగా ఉంచడం ఎన్నటికీ సమానం కాదు" అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. హెడ్మాస్టరు గారు దగ్గారు.

మూడో రంగం. నేను సొరుగులోంచి తెచ్చిన తాళంచెవి తాళంలో పెట్టి తిప్పాను. తుప్పు పట్టి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఏటా ఆయుధపూజకి తాళానికీ చెవికీ నేనే కొబ్బరినూనె రాస్తుంటాను కదా, చక్కగా తిరిగింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

గుమ్మంలో ఎస్తేరు నిలబడి ఉంది. గుండెకి హత్తుకున్న పుస్తకాలు, వాటి మీద ఒక ఉల్లిపాయ. ఉల్లిపాయ స్క్రిప్టులో లేదు.

ఇటువైపు ఇరవైమంది ఎ సెక్షన్ పిల్లలు "వెనక్కి పో" అని అరవాలి. మూడు వారాలు వాళ్ళు ఏడడుగుల గోడ కేసి చూసి అద్భుతంగా అరిచారు. ఇప్పుడు గోడ స్థానంలో ఒక పిల్ల ఉంది. తమ ఈడుదే, తమలాగే రెండు జడలు, అదే నీలం యూనిఫాం. నాయకురాలి వేషం వేసిన హిమజ నోరు తెరిచింది. "వెన..." అని ఆగిపోయింది. మిగతావాళ్ళు ఆమె వంక చూశారు.

ఎస్తేరు కాసేపు చూసి చిన్నగా అడిగింది. మైకు దగ్గరే ఉంది కాబట్టి అందరికీ వినబడింది. "అరవరేందే? మీరు అరిస్తేనే గదా నేను డైలాగు చెప్పేది."

"నాకు రావట్లేదే," అంది హిమజ. "చేతిలో ఏందది?"

"ఉల్లిపాయ."

"ఉల్లిపాయెందుకూ?"

"మైక్రోస్కోపులో చూద్దామని."

"ఓస్, అంతేనా? ల్యాబు లీడర్ని నేనే. రా, చూపిస్తా."

హిమజ ఎస్తేరు చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మమ్మల్నీ సంచాలకుల వారినీ దాటుకుంటూ నేరుగా ల్యాబు వైపు వెళ్ళిపోయారు. గుమ్మంలో ఇంకో తల కనిపించింది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత లెక్క తప్పింది. సి, డి సెక్షన్లు మొత్తం, నూట ముప్ఫై చిల్లర మంది, తలుపులోంచి మైదానంలోకి వచ్చేశారు. కొందరు కుళాయి దగ్గరికి, కొందరు లైబ్రరీలోకి. అందరి తర్వాత ఎలీషా మాస్టారు గుమ్మం దాటి, దాటాక ఒకసారి వెనక్కి తిరిగి ఆ గుమ్మాన్ని చూసుకున్నారు.

"మహాద్భుతం! ఇంత జనసమీకరణ నేను సినిమాల్లో కూడా చూడలేదు!" అని సంచాలకుల వారు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

హెడ్మాస్టరు గారు చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చారు. "సీతాపతీ, సమయం మించిపోయింది. వాళ్ళని అవతలికి పంపి తలుపు మూసి తాళం వెయ్యి."

నేను వాచీ చూశాను. నాలుగు నిమిషాలు దాటింది. తాళంచెవి నా గుప్పిట్లో ఉంది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి అది నాకు పనికొచ్చింది.

"తాళంచెవి కనబడటం లేదు సార్," అన్నాను.

"నీ చేతిలోనే ఉంది కదయ్యా!"

"మూడు నిమిషాలు అయిపోయాయి సార్. తమరి ఉత్తర్వు ప్రకారం ఇప్పుడది కనబడకూడదు."

హెడ్మాస్టరు గారు తమ ఉత్తర్వుని తాము ధిక్కరించేవారు కాదు. కుర్చీలో కూలబడ్డారు.

సంచాలకుల వారు మాకు 'సమతా పాఠశాల' బిరుదు ప్రకటించి, సందర్శకుల పుస్తకంలో అరపేజీ రాసి వెళ్ళారు. ఆయన కార్లు మలుపు తిరిగాక పుస్తకం తెరిచి చదివాం. పొగడ్తలు అయ్యాక చివర ఇలా ఉంది: "సర్క్యులరు తొమ్మిదవ పేజీ, ఇరవై ఏడవ నిబంధన ప్రకారము తాత్కాలిక రంగస్థల నిర్మాణములన్నియు మూడు దినములలో సమూలముగా తొలగించి, ముందు, తరువాత తీసిన ఫోటోలతో నివేదిక పంపవలెను. లేనియెడల బిరుదము రద్దగును."

హెడ్మాస్టరు గారు ఆ వాక్యం నాలుగుసార్లు చదివారు. "ఇది సెట్టింగు కాదు, అసలు గోడ అని రాసేద్దాం సీతాపతీ."

"రాయొచ్చు సార్. అయితే నాలుగో అంశం మీద పంతొమ్మిది సంతకాలున్నాయి. అందులో ఎనిమిది తమరివి."

"పోనీ తొలగించాం అని రాసేద్దాం."

"ఫోటోలు అడిగారు సార్."

ఆయన పుస్తకం మూసి, సెట్టింగు తొలగింపు ఉత్తర్వు టైపు చెయ్యమన్నారు. ఎలీషా మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. చంకలో సర్క్యులరు కాపీ, తొమ్మిదో పేజీ మూల మడిచి ఉంది. అప్పుడర్థమైంది నాకు, మా ఊళ్ళో ఆ పదకొండు పేజీలూ చదివిన మనిషి ఆయనొక్కడేనని.

"మాస్టారూ, ఇది ముందే తెలుసా మీకు?" అని వరండాలో అడిగాను.

"ఆ అమెరికా పెద్దోళ్ళు చేసింది కూడా ఇదే గదండీ సీతాపతి గారూ," అన్నారు నవ్వుతూ. "దేశం తను రాసుకున్న కాగితాన్ని దేశానికే చదివి వినిపించారు. మనోళ్ళు కాగితాలు బాగా రాస్తారు. చదివేవోడే లేడు."

మూడో రోజుకి గోడ లేదు. పేటలోని మేస్త్రీలు గడ్డపారలతో వచ్చారు. మొదటి దెబ్బ మాత్రం మస్తాన్‌వలి తనే వేస్తానని పట్టుబట్టాడు. "నా పిక్కలు అడుగుతున్నయ్ సార్" అన్నాడు. తల్లిదండ్రుల సంఘం వాళ్ళు వచ్చి నిలబడ్డారు గానీ బిరుదు రద్దవుతుందంటే ఏమనలేకపోయారు. ఎస్తేరు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఉల్లిపొర ఇటుకలు పేర్చినట్టుంది సార్, అచ్చం గోడలాగే" అని చెప్పి, మళ్ళీ చూడటానికి పరిగెత్తింది.

ఆ సాయంత్రం నేను తాళంచెవి తీసుకెళ్ళి ఎలీషా మాస్టారి ముందు పెట్టాను. "ఇది పంతొమ్మిదేళ్ళూ నా దగ్గరే ఉంది. మీ అర్జీలు చదువుతూ కూడా ఇవ్వలేదు. తప్పు చేశాను మాస్టారూ."

ఆయన చెవి కేసి చూశారు. "తెలుసండీ. ఆయుధపూజనాడు మీ చేతికి కొబ్బరినూనె వాసన కొట్టేది," అన్నారు. ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చారు. పద్నాలుగో అర్జీ. ఎ, బి, సి, డి అన్న విభజన తీసేసి పిల్లల్ని పేర్ల వరసలో కలిపి కూర్చోబెట్టమని. "గోడ పడింది గానీ సెక్షన్లు పడలా. ఈసారి దీనికి జవాబు ఏం రాస్తారో చూద్దాం."

నేను దాన్ని అన్ని ఫైళ్ళ పైన పెట్టాను.

ఈ జూలైలో ధ్రువీకరణ పత్రం మళ్ళీ నేనే టైపు చేశాను. నాలుగో అంశం, అవే మాటలు: విడదీయు గోడలు గానీ, కంచెలు గానీ, తాళము వేయబడిన తలుపులు గానీ లేవు. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని కొట్టిన వాక్యం. ఈసారి నిజం రాస్తున్నాను కదా, అలవాటు లేక మూడుచోట్ల తప్పులు దొర్లాయి.